కాలు తీసినా కారు బ్రేక్ లైట్లు ఆరడం లేదా? కారణం వెతికి సరిచేసుకునే వరుస

కారు ఆపి, తాళం వేసి పైకి వెళ్తారు. పది నిమిషాలకు వాచ్‌మన్ ఫోన్: "సార్, మీ బండి వెనక ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి." దిగి చూస్తే నిజమే. ఇంజిన్ ఆగింది, తాళం చేతిలో ఉంది, పెడల్ మీద ఎవరి కాలూ లేదు. లైట్లు మాత్రం ఆరలేదు.

ఎండలు ముదిరేకొద్దీ ఈ ప్రశ్న అడిగేవాళ్లు పెరుగుతున్నారు. "ఏం మార్చాలి? ఆటోనగర్‌కు తీసుకెళ్తే ఎంత అవుతుంది?" అని అడుగుతారు. ఏదైనా మార్చే ముందు కారణం తెలియాలి. దానికి పావుగంట, ఒక టార్చిలైటు చాలు.

మా కారుకు ఇదే జరిగినప్పుడు పొద్దున స్టార్ట్ కాలేదు. ఒక షాపులో బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. రెండో రోజుకు అదీ దిగిపోయింది. అప్పుడు గానీ పెడల్ కింద చూడలేదు. మ్యాట్ మీద పెసరబద్దలంత ప్లాస్టిక్ ముక్కలు నాలుగైదు పడి ఉన్నాయి. వేలితో నలిపితే పొడైపోయాయి. కారణమంతా ఆ ముక్కల్లోనే ఉంది. బ్యాటరీకి పెట్టిన డబ్బు అనవసరంగా పోయింది. మీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

1. ముందు బ్యాటరీని కాపాడండి

మామూలు బ్రేక్ బల్బు 21 వాట్లు. రెండు కలిపి 42 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 3.5 ఆంపియర్లు. వెనక అద్దం దగ్గరుండే మూడో లైటు దీనికి అదనం. చిన్న కార్లలో వచ్చే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ లెక్క ప్రకారం పది గంటలు వస్తుంది. కానీ స్టార్టర్ తిప్పే శక్తి అంతకు చాలా ముందే పోతుంది. రాత్రి పదికి ఆపిన కారు తెల్లారేసరికి కదలకపోవడం ఇందుకే. ఎల్‌ఈడీ లైట్లకు కరెంటు చాలా తక్కువ పడుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది, కానీ బ్యాటరీ దిగడం మాత్రం ఆగదు.

ఈ రాత్రికి రెండు దారులున్నాయి.

మొదటిది ఫ్యూజ్ తీయడం. ఫ్యూజ్ బాక్స్ మూత లోపలి బొమ్మలో 'స్టాప్' అని రాసిన ఫ్యూజ్ ఉంటుంది. చాలా కార్లలో అది 10 లేదా 15 ఆంపియర్లది. కొన్ని కార్లలో హారన్‌కూ అదే ఫ్యూజ్, కాబట్టి హారన్ మోగకపోతే కంగారు పడకండి.

రెండోది బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పడం. ఎక్కువ కార్లకు 10 నంబర్ స్పానర్ సరిపోతుంది. పాజిటివ్ వైపు చేయి పెట్టకండి. తాళం జేబులోనే ఉంచుకోండి, ఒక అద్దం కాస్త దించి పెట్టండి. సెంట్రల్ లాక్ పడిపోయి తాళం లోపలే ఉండిపోతే అది ఇంకో తలనొప్పి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఫ్యూజ్ తీసిన కారును రోడ్డెక్కించకండి. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే హైవే మీద వెనక లారీవాడికి మీరు బ్రేక్ వేసిన సంగతి చెప్పేవి ఆ లైట్లే. ఎప్పుడూ వెలుగుతూ ఉన్నా ప్రమాదం అంతే. మీరు నిజంగా బ్రేక్ వేసినప్పుడు వెనకవాళ్లకు తేడా కనిపించదు.

2. ఏ లైట్లు వెలుగుతున్నాయో చూసుకోండి

పార్కింగ్ లైట్లు ఆన్‌లో పెట్టి మరచిపోయి బ్రేక్ లైట్లు అనుకున్నవాళ్లు ఉన్నారు. ముందు లైట్ల స్విచ్ పూర్తిగా ఆపండి. వెనక మామూలుగా వెలిగే ఎర్ర లైటు 5 వాట్లది, మసకగా ఉంటుంది. బ్రేక్ లైటు కళ్లు చెదిరేంత వెలుగుతుంది.

తర్వాత ఎన్ని వెలుగుతున్నాయో లెక్కపెట్టండి.

- మూడూ వెలుగుతున్నాయి: కారణం పెడల్ దగ్గర, లేదా స్విచ్‌లో. నాలుగో అంశానికి వెళ్లండి.
- ఒక వైపు ఒక్కటే: ఆ వైపు హోల్డర్, బల్బు, వైరు చూడాలి. పెడల్ జోలికి వెళ్లక్కర్లేదు.
- కింద రెండూ వెలుగుతున్నాయి, పైన మూడోది లేదు: ముందు టెయిల్ లైట్ల వైపు అనుమానించండి. మూడో లైటు కాలిపోయిందేమో పెడల్ నొక్కి చూడండి.
- హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే: ఎర్త్ సరిగా లేకపోవడం, లేదా తప్పు బల్బు.
- కొత్తగా వేయించిన ఎల్‌ఈడీ బల్బులు చీకట్లో మిణుకుమిణుకుమంటున్నాయి: ఇది వేరే విషయం. కొన్ని కార్లు బల్బు బాగుందో లేదో చూడటానికి పంపే కొద్దిపాటి కరెంటుకే ఎల్‌ఈడీ వెలుగుతుంది.

కారు ఇంకో రకంగా కూడా చెబుతుంది. ఆటోమేటిక్ అయితే బ్రేక్ నొక్కకుండానే గేరు 'పి' నుంచి కదులుతుంది. క్రూజ్ కంట్రోల్ పట్టదు. కొన్నింటిలో డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లేదా ట్రాక్షన్ (చక్రాలు జారకుండా చూసే ఏర్పాట్లు) హెచ్చరిక లైటు వెలుగుతుంది. వీటిలో ఏదైనా కనిపిస్తే అనుమానం బ్రేక్ స్విచ్ వైపు బలపడుతుంది.

3. దగ్గర పెట్టుకోవలసినవి

- తలకు పెట్టుకునే టార్చి, లేదా ఫోన్ లైటు పట్టుకునే మనిషి
- 10, 12, 14 నంబర్ స్పానర్లు
- నోస్ ప్లయర్, చిన్న స్క్రూడ్రైవర్
- మల్టీమీటర్ లేదా టెస్ట్ లాంప్
- వెనక లైట్లు చూసి చెప్పడానికి ఒకరు. ఎవరూ లేకపోతే కారును గోడకు వెనక్కి ఆనించినట్టు ఆపండి, ఎర్ర వెలుగు గోడ మీద తెలుస్తుంది.

కారు సమతలంగా ఉన్నచోట ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో ఈ పని వద్దు, పొద్దున్నే చేసుకోండి.

4. పెడల్ దగ్గర పరీక్షలు, ఇదే వరుసలో

స్విచ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు గుర్తుచేసుకోండి. తలుపు మూస్తే లోపల బొడిపె నొక్కుకుని లైటు ఆరుతుంది. బ్రేక్ స్విచ్ కూడా అంతే. పెడల్ పైకి వచ్చి తన చోట ఆగినప్పుడు స్విచ్ బొడిపెను నొక్కి ఉంచుతుంది, లైట్లు ఆరి ఉంటాయి. మీరు బ్రేక్ వేస్తే పెడల్ దూరం జరుగుతుంది, బొడిపె బయటికి వస్తుంది, లైట్లు వెలుగుతాయి. కాబట్టి లైట్లు ఆరలేదంటే ఆ బొడిపె నొక్కుకోవడం లేదు, లేదా నొక్కుకున్నా లోపల కరెంటు తెగడం లేదు.

డ్రైవర్ సీటు పూర్తిగా వెనక్కి జరపండి. నడుము గడపకు ఆనించి, తల పెడల్స్ కిందికి పెట్టి పైకి చూడండి. బ్రేక్ పెడల్ కాడ పైభాగంలో రెండు లేదా నాలుగు వైర్ల కనెక్టర్‌తో బొటనవేలంత స్విచ్ కనిపిస్తుంది. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

పరీక్ష ఒకటి: మ్యాట్. మ్యాట్ ముందుకు జరిగి పెడల్ పైకి రాకుండా అడ్డుపడిందేమో చూడండి. మ్యాట్ మీద మ్యాట్ వేసే అలవాటు ఉన్న కార్లలో ఇది మామూలే. నీళ్ల సీసా మూత, చిల్లర నాణెం కూడా చూడండి. మ్యాట్ తీసి దులిపేటప్పుడు ప్లాస్టిక్ ముక్కలు రాలితే పారేయకండి, అవి మీకు సగం జవాబు.

పరీక్ష రెండు: పెడల్‌ను పైకి లాగండి. పాదం పెడల్ వెనక పెట్టి మెల్లగా పైకి ఎత్తండి. లైట్లు ఆరితే పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదని అర్థం. స్ప్రింగ్ బలహీనపడి ఉండవచ్చు, పిన్ను తుప్పు పట్టి ఉండవచ్చు, స్విచ్‌కూ పెడల్‌కూ మధ్య సందు (గ్యాప్) పెరిగి ఉండవచ్చు.

పరీక్ష మూడు: బొడిపెను వేలితో నొక్కండి. లైట్లు వెంటనే ఆరితే స్విచ్ బాగున్నట్టే. పెడల్ ఎత్తినా ఆరలేదంటే, బొడిపెకు ఎదురుగా ఉండి దాన్ని నొక్కాల్సిన ప్లాస్టిక్ స్టాపర్ బిళ్ల చాలావరకు విరిగిపోయి ఉంటుంది. పెడల్ కాడకు వెల్డింగ్ చేసిన చిన్న ఇనుప రేకులో గుండ్రటి చిల్లు ఉంటుంది, బిళ్ల అందులో కూర్చోవాలి. బిళ్ల పోతే బొడిపె ఆ చిల్లులోంచి దూరిపోతుంది, దాన్ని నొక్కేది ఏమీ ఉండదు.

పరీక్ష నాలుగు: కనెక్టర్ పీకండి. బొడిపె నొక్కినా ఆరకపోతే స్విచ్ కనెక్టర్ క్లిప్పు నొక్కి లాగండి. లైట్లు ఆరితే స్విచ్ లోపలే అంటుకుపోయింది, మార్చాలి. అప్పటికీ వెలుగుతుంటే ఏడో అంశానికి వెళ్లండి.

నాలుగో పరీక్షకు ఒక మినహాయింపు ఉంది. కొన్ని కొత్త కార్లలో స్విచ్ సిగ్నల్‌ను కంప్యూటర్ చూస్తుంది. కనెక్టర్ పీకగానే అది పొరపాటుగా లెక్కించి లైట్లు వెలిగించే ఉంచవచ్చు. నాలుగు వైర్ల స్విచ్ ఉండి, పీకినా ఆరకపోతే వెంటనే వైరింగ్ మీద అనుమానం పడకండి. ముందు స్విచ్‌ను మల్టీమీటర్‌తో చూడండి.

మల్టీమీటర్ ఉంటే ఇంకా ఖాయంగా తెలుస్తుంది. రెండు వైర్ల స్విచ్‌ను విప్పి, మీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటు దారి కలిసి ఉంటే బీప్ వచ్చే సెట్టింగ్) పెట్టి స్విచ్ పిన్నులకు ఆనించండి. బొడిపె బయట ఉంటే బీప్ రావాలి, నొక్కితే ఆగాలి. నొక్కినా బీప్ వస్తూనే ఉంటే స్విచ్ పోయింది. నాలుగు వైర్లదైతే ఒక జత ఇలా, ఇంకో జత దీనికి తలకిందులుగా పనిచేస్తాయి.

5. స్టాపర్ బిళ్ల మార్చడం

ఎక్కువమందికి తేలేది ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఎండలో నిలబెట్టిన కారు లోపల ఒక ప్లాస్టిక్ బిళ్ల ఎన్నాళ్లు ఉంటుంది! పైగా పెడల్ వదిలిన ప్రతిసారీ దెబ్బ పడేది దాని మీదే. విజయవాడ బెంజ్ సర్కిల్ దాటేలోపు ఎన్నిసార్లు బ్రేక్ నొక్కి వదులుతామో మీకు తెలుసు.

విడిభాగాల షాపులో "బ్రేక్ పెడల్ స్టాపర్" అని అడగండి. కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పండి, దొరికిన ముక్కలు చూపించండి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా గుంటూరు ఆటోనగర్‌లోనైనా అడగవచ్చు. చాలా చవక వస్తువు, రెండు కొని ఒకటి డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. క్లచ్ పెడల్ దగ్గర కూడా చాలా కార్లలో ఇలాంటిదే ఉంటుంది. ఇది విరిగిందంటే దాని వయసూ అంతే.

వేసే వరుస:

1) నెగటివ్ టెర్మినల్ విప్పండి.
2) చిల్లులో మిగిలిన పాత ముక్కలు నోస్ ప్లయర్‌తో తీసేయండి. చిల్లు చుట్టూ గుడ్డతో తుడవండి.
3) బిళ్ల పుట్టగొడుగులా ఉంటుంది. తల స్విచ్ వైపు, కాడ చిల్లులోకి.
4) కాడకు సబ్బు నీళ్లు కొంచెం రాసి, పెడల్‌ను ఒక చేత్తో కిందికి నొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో లోపలికి నెట్టండి. వేలితో దిగకపోతే ప్లయర్‌తో రెండు వైపులా పట్టి నొక్కండి. టక్కుమని కూర్చుంటుంది.
5) వేలితో లాగి చూడండి, ఊడి రాకూడదు.
6) టెర్మినల్ బిగించి లైట్లు చూడండి.

నాకు మూడో అడుగు దగ్గరే ఎక్కువ సేపు పట్టింది. తలకిందులుగా చూస్తుంటే ఏది స్విచ్ వైపో తికమకగా ఉంటుంది. ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూసుకుంటే మెడ నొప్పి తప్పుతుంది.

ఊరికి దూరంగా ఉండి బిళ్ల దొరకకపోతే, చిల్లులో పట్టే చిన్న బోల్టు, వాషర్, నట్టుతో ఇంటికి చేరవచ్చు. బోల్టు తల చదునుగా, స్విచ్ వైపు ఉండాలి. నట్టు గట్టిగా బిగించాలి, ఊడి పెడల్ కింద పడితే ప్రాణం మీదికి వస్తుంది. తల బిళ్ల కంటే మందంగా ఉండకూడదు. ఇది ఒక్కరోజు ఏర్పాటు. నాణెం అతికించడం, టేపు చుట్టడం లాంటివి వద్దు, ఎండకు జిగురు కరిగి జారిపోతుంది.

6. స్విచ్ మార్చడం, గ్యాప్ పెట్టడం

స్విచ్‌లు ప్రధానంగా రెండు రకాలు.

మరలున్న రకం: లాక్‌నట్ (స్విచ్ కదలకుండా పట్టి ఉంచే నట్టు) వదులు చేసి, స్విచ్‌ను తిప్పి బయటికి తీయాలి. ముందు ఎన్ని మరలు బయటికి ఉన్నాయో లెక్కపెట్టుకోండి, కొత్తదాన్ని దాదాపు అంతే లోతులో పెట్టవచ్చు. బొడిపె బిళ్లకు ఆని నొక్కుకునేలా లోపలికి తిప్పండి. స్విచ్ మర చివర బిళ్లకు తగిలాక కొద్దిగా వెనక్కి తిప్పండి. చాలా కార్లకు ఆ సందు 1 నుంచి 2 మి.మీ. మధ్య ఉంటుంది, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుది మాట. లాక్‌నట్ బిగించేటప్పుడు స్విచ్ కూడా తిరగకుండా పట్టుకోండి.

పావు చుట్టు తిప్పి తీసే రకం: ఇది తనంతట తనే గ్యాప్ సర్దుకుంటుంది. పెడల్‌ను ఏ స్థితిలో ఉంచి బిగించాలనేది కారును బట్టి మారుతుంది, మాన్యువల్ చూడకుండా చేయకండి. ఒకసారి సర్దుకున్న స్విచ్‌ను తీసి మళ్లీ వేస్తే చాలాసార్లు సరిగా కూర్చోదు.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటి ఉంది. లైట్లు ఆరాయి కదా అని స్విచ్‌ను మరీ లోపలికి బిగిస్తారు. అప్పుడు స్విచ్చే పెడల్‌ను కొంచెం కిందికి నెట్టి ఉంచుతుంది. పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. బ్రేకులు సన్నగా పట్టుకునే ఉంటాయి, వేడెక్కేకొద్దీ ఇంకా బిగుస్తాయి. లైటు సరిచేయబోయి బ్రేకులు పాడుచేసుకోవడం అంటే ఇదే. బిగించాక పెడల్‌ను వేలితో నొక్కి చూడండి. మొదట కొన్ని మిల్లీమీటర్లు తేలిగ్గా కదలాలి.

7. స్విచ్ పీకినా ఆరకపోతే

ముందు స్టాప్ ఫ్యూజ్ తీయండి. అప్పటికీ వెలుగుతుంటే కరెంటు ఇంకో సర్క్యూట్ నుంచి వస్తోంది. ఫ్యూజ్ తీస్తే ఆరి, స్విచ్ పీకితే ఆరకపోతే మధ్యలో ఎక్కడో వైరు షార్ట్, లేదా రిలే (చిన్న కరెంటుతో పనిచేసి పెద్ద కరెంటును కలిపే, తెంచే చిన్న డబ్బా) అంటుకుపోయింది.

రిలే ఉన్న కారైతే అదే నంబరున్న ఇంకో రిలేతో మార్చి చూడండి. ఒక్క నిమిషం పని.

బయట వేయించినవన్నీ విప్పండి. బంపర్ రిఫ్లెక్టర్ ఎల్‌ఈడీలు, స్పాయిలర్ లైటు, మెరిసే బ్రేక్ లైటు, ఇవన్నీ టెయిల్ లైటు వైర్లు గీరి కలిపినవే. అతుకు మీద టేపు ఊడితే చాలు.

డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టం ఉంటుంది, మూడో లైటు వైర్లు అందులోంచి వెళ్తాయి. తలుపు తెరిచి మూసే కొద్దీ అక్కడ వైర్ల తొడుగు చిట్లుతుంది. గొట్టం వెనక్కి జరిపి ఒక్కో వైరూ చూడండి.

ఆ తర్వాత టెయిల్ లైటు విప్పి హోల్డర్ చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే నీళ్లు దిగినట్టే. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లకు ఈ అనుమానం ముందే పెట్టుకోవాలి. కనెక్టర్లలో చిలుము నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే బిగించండి. కరిగిన హోల్డర్‌ను మార్చడమే దారి.

బల్బు కూడా చూడండి. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కన ఉండే పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైన, ఒకటి కింద. బలవంతంగా తిప్పి ఎక్కిస్తే బ్రేక్, టెయిల్ కలిసిపోతాయి. తెగిన ఫిలమెంట్ రెండోదానికి అంటుకున్నా ఇదే జరుగుతుంది.

ఇవన్నీ చూసినా తేలకపోతే బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, తాళాలు లాంటివి నడిపే కారు కంప్యూటర్) దాకా వెళ్లాలి. అది ఇంట్లో చేసే పని కాదు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి, స్కానర్ ఉన్నచోటికి వెళ్లండి. మీరు చేసిన పరీక్షలు కాగితం మీద రాసి ఇవ్వండి, వాళ్ల సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి.

8. తరచూ చేసే తప్పులు

- స్విచ్ బొడిపెకు గ్రీజు, ఆయిల్ పూయడం. లోపలికి దిగి కాంటాక్టులు పాడవుతాయి. గ్రీజు పెడల్ పిన్నుకు మాత్రమే, అదీ కొంచెం.
- ఫ్యూజ్ పోతోందని ఎక్కువ ఆంపియర్లది వేయడం. షార్ట్ ఉన్న వైరు కాలుతుంది.
- స్టాపర్ విరిగినచోట కొత్త స్విచ్ వేయడం. కొత్త బొడిపె కూడా అదే చిల్లులో దూరుతుంది.
- పెడల్ కిందికి దిగిపోతున్నా, బ్రేక్ ఆయిల్ తగ్గుతున్నా లైటు పనే చూసుకోవడం. అలాంటప్పుడు కారు నడపకుండా మెకానిక్‌ను పిలిపించండి.

9. రోడ్డెక్కే ముందు

- పెడల్ వదలగానే మూడు లైట్లూ ఆరుతున్నాయి. ఇరవైసార్లు నొక్కి చూశారు.
- పెడల్‌ను కొద్దిగా తాకగానే మూడూ వెలుగుతున్నాయి.
- హెడ్‌లైట్లు, ఇండికేటర్లు వేసినప్పుడు కూడా అంతే.
- ఆటోమేటిక్ అయితే బ్రేక్ నొక్కకుండా గేరు 'పి' నుంచి కదలడం లేదు. పుష్ బటన్ ఉంటే బ్రేక్ నొక్కితేనే స్టార్ట్ అవుతోంది.
- తీసిన ఫ్యూజ్ తిరిగి పెట్టారు. పెడల్ కింద పనిముట్లు ఏవీ లేవు.
- నాలుగైదు కిలోమీటర్లు మెల్లగా నడిపి, దిగి, చేయి ఒక్కో చక్రానికి దగ్గరగా పెట్టి చూశారు. తాకకండి, కాలుతుంది. ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉన్నా, నాలుగూ సెగలు కక్కుతున్నా స్విచ్ గ్యాప్ మళ్లీ చూడాలి.

ఆ రాత్రి కారు ఆపాక అరగంట ఆగి ఒకసారి కిందికి దిగి వెనక వైపు చూడండి. స్విచ్ సగం పట్టి సగం వదులుతుంటే వెంటనే తెలియదు, కాసేపయ్యాక బయటపడవచ్చు. మర్నాడు పొద్దున కూడా తాళం తిప్పే ముందు ఒకసారి చూడండి. రెండుసార్లూ ఆరి ఉంటే పని అయిపోయినట్టే.